ఆర్డెన్: అడవి పేరు, ఇంటిపేరు

ఊరి పేరే ఇంటిపేరగుట తెలుగువారికి కొత్త కాదు. ఇంగ్లండులో ఒక అడవి పేరే ఇంటిపేరైనది. అది ఆర్డెన్. ఆ దేశమున అరుదుగా వినవచ్చే ఇంటిపేర్లలో ఇదియొకటి.

ఆర్డెన్ అనగా వారిక్‌షైర్ మండలమందలి పురాతనారణ్యము. 'ఎత్తైనది' అను అర్థము గల కెల్టిక్ పదము నుండి ఈ పేరు పుట్టినదని భాషావేత్తల మతము. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించి స్థానిక ప్రభువుల భూములను హరించినారు. ఆ విపత్తులోనూ విస్తారమైన భూములను నిలుపుకొన్న కొద్దిమంది ఆంగ్లేయులలో థర్కిల్ ఒకడు. 1086 నాటి డోమ్స్‌డే గ్రంథములో అతని భూముల లెక్క ఉన్నది. గెలిచినవారి ఆచారము ననుసరించి అతడు తన పేరుకు అడవి పేరును చేర్చుకొన్నాడు. కొలది కాలమునకే ఆ భూములలో అధికభాగము వారిక్ ప్రభువుల పాలైనది. వంశమునకు పేరు దక్కినది.

పేరు నిలిచినా ఆపదలు తప్పలేదు. పార్క్‌హాల్ శాఖకు పెద్దయైన ఎడ్వర్డ్ ఆర్డెన్ కాథలిక్ మతమును విడువనివాడు. ఎలిజబెత్ రాణిపై కుట్ర చేసెనను నేరము మోపి 1583లో అతనిని వధించినారు.

అదే మండలమున విల్మ్‌కోట్ గ్రామములో రాబర్ట్ ఆర్డెన్ అను రైతు ఉండెడివాడు. అతడు 1556లో మరణించుచు కుమార్తె మేరీకి భూమి వ్రాసియిచ్చినాడు. ఆమె జాన్ షేక్స్పియరును పెండ్లాడి పుట్టింటి పేరు విడిచినది. మహాకవికి తల్లి ఆమెయే. 1599లో షేక్స్పియరు కుటుంబము తమ వంశచిహ్నములో ఆర్డెన్ చిహ్నమును కలుపుకొన అనుమతి కోరినది. అధికారులు చిత్తుప్రతిలో మొదట పార్క్‌హాల్ వారి చిహ్నమును గీచి, దానిని కొట్టివేసి, వేరొక శాఖవారి చిహ్నమును గీచినారు. ఘనవంశముతో ఆ రైతుకు గల బంధుత్వము నేటికిని వివాదాంశమే.

చిహ్నము ఇయ్యలేని గౌరవమును నాటకము ఇచ్చినది. 'యాజ్ యూ లైక్ ఇట్' నాటకమునకు ఆధారమైన కథలోని అడవి ఫ్రాన్సు దేశపు ఆర్డెన్. కాని ఆ మాట పలికినపుడెల్ల కవి పుట్టిన సీమయు, తల్లి పుట్టినింటి పేరును కూడ వినిపించును. రాజ్యము పోగొట్టుకొన్నవారికి ఆ నాటకమున ఆశ్రయమిచ్చినది ఆ అడవియే.

తెలుగునకును ఈ పేరు పరాయిది కాదు. బందరులో క్రైస్తవ మతప్రచారకుడుగా పనిచేసిన ఎ. హెచ్. ఆర్డెన్ 1873లో ఆంగ్లేయులకై తెలుగు వ్యాకరణము వెలువరించినాడు. తరతరములు అది విదేశీయులకు మన భాషలో తొలిపాఠము చెప్పినది.

థర్కిల్ భూములు చేతులు మారినవి. ఆ మహారణ్యము చాలవరకు పొలములై, ఊళ్లైనది. ఒక నాటకమును, ఒక వ్యాకరణమును ఆ పేరును నిలిపినవి.