చిట్టాలో పేరు ఉంచుకున్న క్షమాపణ



మా చిన్నతనంలో సర్కారు ఎక్స్‌ప్రెస్‌లో మద్రాసు వెళ్లేటప్పుడు బాపట్ల దాటగానే పెద్దవాళ్లు మమ్మల్ని నిద్రలేపేవారు. "స్టూవర్టుపురం వస్తోంది, సంచులు దగ్గర పెట్టుకోండి" అనేవారు. మేము కిటికీలోంచి ఆ స్టేషను పేరు భయంగా చూసేవాళ్లం. అక్కడ మాకు ఎవరూ ఏ కీడూ చేయలేదు. అయినా ఆ భయాన్ని మా పిల్లలకు కూడా నేర్పాము.

ఆ ఊరు ఎలా పుట్టిందో తర్వాత చదివి తెలుసుకున్నాము. ఎరుకలవారు ఒకప్పుడు ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని సముద్రతీరం నుంచి లోపలి ఊళ్లకు తిరిగి అమ్ముకునేవారు. బుట్టలు అల్లేవారు, ఎరుక చెప్పేవారు. రైళ్లు వచ్చాయి, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది. వారి వర్తకం పోయింది. ఊరూరా తిరిగేవారంటే దొరలకు అనుమానం. 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్థ తెగల చట్టం 1911లో మన మద్రాసు రాజధానికీ వచ్చింది. ఆ చట్టం ప్రకారం ఒక తెగను మొత్తంగా నేరస్థులని ప్రకటించవచ్చు. పేర్లు చిట్టాలో ఎక్కించి వేలిముద్రలు తీసుకోవచ్చు. పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి ప్రత్యేక పాఠశాలల్లో ఉంచడానికి కూడా అందులో వీలుంది.

ఆ రోజుల్లోనే బాపట్ల, చీరాల మధ్య స్టూవర్టుపురం సెటిల్‌మెంటు ఏర్పడింది. మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టూవర్టు పేరు దానికి పెట్టారు. నడపడానికి సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. ఇది మన క్రైస్తవులు తలవంచుకుని చదవాల్సిన చరిత్ర. వారు భూమి ఇప్పించారు, బడి పెట్టారు, సువార్త చెప్పారు. చీరాల పొగాకు ఫ్యాక్టరీలో పని చూపించారు. మంచి మనసుతో వచ్చినవారు వారిలో ఉన్నారు. కానీ ఆదివారం పాపక్షమాపణ ప్రకటించిన ఆ సెటిల్‌మెంటులోనే హాజరు పిలిచేవారు. అనుమతి చీటీ లేకుండా ఊరు దాటనిచ్చేవారు కాదు. దేవుడు క్షమించాడని చెప్పిన నోటితోనే నీ పేరు మా చిట్టాలో ఉందని చెప్పినట్టయింది.

మద్రాసు రాష్ట్రంలో ఈ చట్టం 1947లో రద్దయింది, దేశమంతటా 1952లో. కాగితం మీద పేరు కొట్టేశారు గాని జనం నోట్లో అలాగే ఉండిపోయింది. సినిమాలకు కూడా ఆ పేరే పెట్టారు.

1970ల్లో ఆ ఊరికి ఇద్దరు వెళ్లారు. ఒకరు మహాకవి జాషువా కుమార్తె హేమలత, మరొకరు ఆమె భర్త లవణం. ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టినందుకు ఆయనకు ఆ పేరు పెట్టారు. వారిద్దరూ నాస్తికులు. అయినా వారు ఆ ఇళ్లకు వెళ్లారు, మాట్లాడారు, దొంగతనం విడిచిపెట్టదలచినవారికి వేరే బతుకు దొరకాలని ఏళ్ల తరబడి పాటుపడ్డారు. మనం చేయవలసిన పని వారు చేశారని ఒప్పుకోవడంలో మనకు నష్టం లేదు.

ఫిలేమోను పత్రిక గుర్తు చేసుకోండి. ఒనేసిము అచ్చుకోవలసినది ఏదైనా ఉంటే తన లెక్కలో వేయమని పౌలు స్వహస్తంతో రాశాడు. తప్పు లేదని ఆయన అనలేదు. బాకీ తన మీద వేసుకుని, ఒనేసిమును దాసునిగా కాక ప్రియ సహోదరునిగా చేర్చుకోమన్నాడు. లెక్క కొట్టివేయకుండా చేర్చుకోవడం చేర్చుకోవడం కాదు.

ఇది రాస్తుంటే మా తప్పు కూడా మమ్మల్ని గుచ్చుతోంది. ఎప్పుడో చేసిన నేరానికి శిక్ష అనుభవించి, బాప్తిస్మం తీసుకుని మన మధ్యకు వచ్చిన ఒక సహోదరుడు ఉన్నాడు. ఒక ఆదివారం కానుక సంచి పట్టే వంతు ఆయనకు వచ్చింది. మేము ఒక్క క్షణం ఆగి, సంచి పక్కవాడికి ఇచ్చాము. ఆయన చూశాడు. ఏమీ అనలేదు. మరుసటి ఆదివారం మళ్లీ వచ్చి, ఎప్పటిలాగే చాపలు పరిచాడు. అంతవరకు ఆయనను క్షమించినవాళ్లం మేమేనని అనుకున్నాము. నిజానికి మమ్మల్ని ఆయనే క్షమిస్తున్నాడని ఆ రోజు అర్థమైంది. ఇంటికి వెళ్లి ఆయన చేతులు పట్టుకుని తప్పు ఒప్పుకున్నాము. ఇప్పుడు సంచి ఆయన పడుతున్నాడు. మారింది ఆయనే కాదు, మేము కూడా.

ప్రియులారా, స్టూవర్టుపురం పిల్లలు ఇప్పుడు చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. ఊరి పేరు చెప్పడానికి వారు జంకితే ఆ బాకీ వారిది కాదు, మనది. ఈసారి ఆ స్టేషను వచ్చినప్పుడు పిల్లలను నిద్రలేపండి. సంచులు చూసుకోమని కాదు, ఈ చరిత్ర చెప్పడానికి.

మన లెక్క సిలువ మీద కొట్టివేసిన దేవుడు, ఎదుటివారి లెక్క కొట్టివేసే మనసు మనకు దయచేయును గాక. ఆమేన్.