తెర ముందు తెరిచిన నోరు

ఎత్తుపళ్ళకు క్లిప్పులు వేయడం చేతిపని. ఫ్రెంచి వైద్యుడు పియేర్ ఫోషార్ 1728 నాటి తన గ్రంథంలో, పళ్ళకు లోహపు పట్టీ పెట్టి దారాలతో కట్టే పద్ధతి రాశాడు. 1900లో ఎడ్వర్డ్ యాంగిల్ అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఈ విద్యకే ప్రత్యేకంగా బడి పెట్టాడు. లోహాలు మారాయి, వైర్లు సన్నబడ్డాయి. డాక్టరు నోట్లో వేళ్ళు పెట్టడం మాత్రం తప్పలేదు.

అలాంటి వైద్యంలోకి వీడియో మొదట వచ్చింది డాక్టర్లు తమలో తాము మాట్లాడుకోవడానికే. 1994లో అమెరికా సైన్యం దూరాన ఉన్న తన దంతవైద్యులను నిపుణులతో కలిపింది. 2000 ప్రాంతంలో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో మామూలు దంతవైద్యుడు ఫోను లైను మీద నడిచే వీడియోలో వంకరపళ్ళు సరిచేసే ఆర్థోడాంటిస్టు సలహా తీసుకునే ఏర్పాటు చేసి చూశారు. సియాటిల్‌లో ఇంకో అడుగు వేశారు. నిపుణుడు తెర మీద చూస్తూ చెబుతుంటే, పేదపిల్లలకు మామూలు దంతవైద్యులే చికిత్స చేశారు. వంకరల తీవ్రత తగ్గిందని 2008లో ఫలితాలు ప్రకటించారు. ఈ అన్నిచోట్లా రోగి పక్కన ఒక డాక్టరు ఉన్నాడు. 2000లో మన చిత్తూరు జిల్లా అరగొండలో మొదలైన టెలీమెడిసిన్‌దీ (అక్కడ పళ్ళ వైద్యం కాదనుకోండి) అదే పద్ధతి.

2020లో కోవిడ్ వచ్చి ఆ పక్కనున్న మనిషి లేకుండా పోయాడు. మార్చి 25న ఇంగ్లండులో అత్యవసరం కాని పళ్ళ వైద్యం ఆపమన్నారు. మన దేశంలో టెలీమెడిసిన్ మార్గదర్శకాలు వచ్చిందీ ఆ రోజే. బుగ్గలో వైరు గుచ్చుకుంటున్న పిల్లకు మైనం ఎలా అద్దుకోవాలో డాక్టరు ఫోనులోనే చూపించాల్సి వచ్చింది. తర్వాత అభిప్రాయాలు అడిగితే రోగులు ఎక్కువగా మెచ్చుకున్నారు: ప్రయాణం తప్పింది, బడి మానక్కర్లేదు, జబ్బు అంటుకుంటుందన్న భయం లేదు. డాక్టర్లు మాత్రం గొణిగారు. నోరంతా చీకటి, బుగ్గ అడ్డం, పంటికి అతికించిన బ్రాకెట్ ఊడిందో లేదో తడిమి చూసే వీలు లేదు. నా మట్టుకు డాక్టర్ల గొణుగుడికే ఎక్కువ విలువిస్తాను. తలుపులు మూసిన రోజుల్లో కిటికీ తెరిస్తే ఎవరికైనా హాయే. పైగా ఆ సంతృప్తి సౌకర్యం గురించి చెబుతుంది, పళ్ళు సరైన చోటికి వచ్చాయో లేదో చెప్పదు.

డాక్టరు కుర్చీ ఎక్కకుండానే పళ్ళు సరిచేసుకోవచ్చంటూ అమెరికాలో 2014లో పుట్టిన స్మైల్‌డైరెక్ట్‌క్లబ్ కంపెనీ, 2023 సెప్టెంబరులో దివాలా పిటిషన్ వేసి డిసెంబరులో మూతపడింది. చికిత్స మధ్యలో ఉన్నవాళ్ళను స్థానిక దంతవైద్యుణ్ణి కలవమంది.

మొదటి సలహాకూ, మధ్యలో వచ్చే చిన్న సందేహాలకూ వీడియో బాగా పనికొస్తుంది. డబ్బు కట్టేముందు మాత్రం, మీ నోట్లో చూసి ఎక్స్‌రే తీయించే డాక్టరు పేరేమిటో, ఏ ఊళ్ళో ఉంటారో అడిగి తెలుసుకోండి.