నౌకా చరిత్ర రచన: అడ్మిరళ్ల కథల నుంచి కనుమల మీది ఊళ్ల దాకా

నౌకా చరిత్ర ఒక అధ్యయన శాఖగా నౌకాదళ అధికారుల బడుల్లో పుట్టింది. గ్రీనిచ్‌లోని రాయల్ నేవల్ కాలేజీలో పాఠాలు చెప్పే జాన్ నాక్స్ లాటన్, సముద్ర యుద్ధాలను వీరగాథలుగా కాక మూలపత్రాల ఆధారంతో శాస్త్రీయంగా చదవాలని 1874లో లండన్‌లో ఒక ఉపన్యాసంలో వాదించాడు. ఆయన చొరవతోనే 1893లో నేవీ రికార్డ్స్ సొసైటీ ఏర్పడి, పాత నౌకాదళ పత్రాలను అచ్చు వేయడం మొదలుపెట్టింది. ఈలోగా 1890లో అమెరికా నౌకాదళ అధికారి ఆల్ఫ్రెడ్ థేయర్ మహాన్, 1660 నుంచి 1783 దాకా నడిచిన చరిత్ర మీద సముద్ర శక్తి ప్రభావాన్ని వివరిస్తూ తన ప్రసిద్ధ గ్రంథాన్ని వెలువరించాడు. గెలుపోటముల నుంచి సూత్రాలు తీసి రాబోయే యుద్ధాలకు అధికారులను సిద్ధం చేయడమే వీరి ధ్యేయం. అందుకే వీరి రచనల్లో అడ్మిరళ్లు, ఫిరంగులు, గాలివాటం, యుద్ధ వ్యూహం పుష్కలంగా ఉంటాయి. తాళ్లు లాగినవాడు, దుంగలు కోసినవాడు, తిండిగింజలు మోసినవాడు మాత్రం కనిపించరు.

మహాన్ గ్రంథంలో కోరమాండల్ తీరానికి కూడా చోటుంది. 1782–83లో ఫ్రెంచి నౌకాదళాధిపతి సఫ్రెన్, ఇంగ్లీషు అడ్మిరల్ హ్యూస్ ఈ తీరంలోనూ సింహళం దగ్గరా ఐదుసార్లు తలపడ్డారు. సఫ్రెన్ ఒడ్డుకు దిగి మైసూరు పాలకుడు హైదర్ అలీని కలుసుకున్నాడు కూడా. అయినా ఆ కథనానికి కేంద్రం ఓడల వరుసలే. ఒడ్డున వేల ఎడ్లను యుద్ధంలోకి దించిన మైసూరు రాజ్యం అంచున నిలబడిపోయింది. భారత నౌకాదళం మీద వెలువడిన తొలి పెద్ద రచనదీ ఇదే తీరు. 1877లో చార్లెస్ రాత్‌బోన్ లో రెండు సంపుటాల్లో రాసిన భారత నౌకాదళ చరిత్ర 1613 నుంచి 1863 దాకా కంపెనీ ఓడల, అధికారుల కథే.

దీనికి జవాబు స్వదేశీ ఉద్యమ కాలంలో వచ్చింది. 1912లో రాధాకుముద్ ముఖర్జీ భారతీయ నౌకాయానం మీద తన గ్రంథం ప్రచురించాడు. భారతీయులకు సముద్రం తెలియదన్న మాటను ఖండించడానికి శిల్పాలు, సాహిత్యం, నాణేలు అన్నింటినీ సాక్ష్యానికి పిలిచాడు. 1945లో కె.ఎం. పణిక్కర్ మహాన్ పద్ధతినే హిందూ మహాసముద్రానికి అన్వయించి, సముద్రం మీద పట్టు పోవడం వల్లనే దేశం స్వాతంత్ర్యం కోల్పోయిందని వాదించాడు. ఆ కాలానికి ఈ రచనలు అవసరమైనవి, ధైర్యమైనవి. కానీ ఇవి కూడా చరిత్రను నౌకాబలం ఉందా లేదా అన్న ఒక్క ప్రశ్న చుట్టూ తిప్పాయి.

ఆ ప్రశ్న ఎంత ఇరుకైనదో తెలుగు తీరపు సాక్ష్యాలు చెబుతాయి. పులుమావి, యజ్ఞశ్రీ శాతకర్ణి ముద్రించిన సీసపు నాణేల మీద రెండు తెరచాప కొయ్యలున్న ఓడ ఉంది. చాలాకాలం దీన్ని శాతవాహనుల నౌకాదళానికి గుర్తుగా చదివారు. నాణెం మీది బొమ్మలో ఆయుధం లేదు, సైనికుడు లేడు. అది యుద్ధనౌకో వర్తకుల ఓడో నాణెం చెప్పదు. అది చెప్పేదల్లా ఒక్కటే: కృష్ణా, గోదావరి ముఖద్వారాల దగ్గర రాజ్యమేలిన వారికి ఓడ తమ ప్రతిష్ఠకు తగిన చిహ్నంగా తోచింది. ఇదేమీ చిన్న విషయం కాదు. టాలెమీ భూగోళంలో మైసోలియాగా కనిపించే ఈ ప్రాంతానికి సమీపంలోనే సువర్ణభూమికి ఓడలు తీరం వదిలి బయలుదేరే చోటు ఉండేదన్న సమాచారంతో కలిపి చదివితే, నాణెం విలువ ఇంకా పెరుగుతుంది.

అంతకంటే గట్టి ఉదాహరణ మోటుపల్లి. 1244–45లో కాకతీయ గణపతిదేవుడు అక్కడ వేయించిన అభయశాసనం సముద్ర వర్తకులకు ఇచ్చిన హామీ. తుపానుకు దారి తప్పి, పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలను పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారనీ, తాను మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప మరేదీ తీసుకోననీ ఆయన ప్రకటించాడు. గంధం, కర్పూరం, ముత్యాలు, దంతం, పట్టు వంటి సరుకులకు సుంకాల వివరం కూడా అందులో ఉంది. 1358లో రెడ్డిరాజు అనపోత రెడ్డి అదే రేవులో తన శాసనంతో ఆ హామీని కొనసాగించాడు. పాత పద్ధతిలో రాసే చరిత్రకారుడికి ఇది నౌకా చరిత్రే కాదు, ఎందుకంటే ఇందులో ఒక్క యుద్ధమూ లేదు. కొత్త పద్ధతిలో చూస్తే సముద్రం మీద ఒక రాజ్యం తన అధికారాన్ని నిలుపుకున్న తీరు ఇదే. ఒక్క యుద్ధనౌకనైనా పంపకుండా, ఒక న్యాయాన్ని రాతి మీద చెక్కి ఓడలను తన రేవుకు రప్పించుకున్నాడు గణపతిదేవుడు. అధికారం అంటే ఫిరంగి ఒక్కటే అనుకునే చరిత్రకు ఈ శాసనం అర్థం కాదు.

ఈ మార్పుకు బాట వేసిన గ్రంథం 1949లో ఫ్రాన్సులో వచ్చింది. ఫెర్నాండ్ బ్రోడెల్ మధ్యధరా సముద్రాన్ని రాజుల పేర్లతో కాక గాలులు, పంటలు, రహదారులు, ధరలతో వర్ణించాడు. ఆ దారిలో కె.ఎన్. చౌధురి, అశిన్ దాస్ గుప్తా, సిన్నప్ప అరసరత్నం, సంజయ్ సుబ్రహ్మణ్యం హిందూ మహాసముద్రాన్ని చదివారు. డచ్చి, ఇంగ్లీషు కంపెనీల పద్దు పుస్తకాల నుంచి మచిలీపట్నం వర్తకుల పేర్లు, వారి ఓడలు, వారి అప్పులు వెలికి వచ్చాయి. నరసాపురం ఓడల కట్టడానికీ మళ్లీ చోటు దక్కింది. 1670ల్లో ఈ తీరంలో తిరిగిన ఇంగ్లీషు వర్తకుడు థామస్ బౌరీ అక్కడి మంచి కలప, ఇనుము, నిపుణులైన వడ్రంగుల గురించి రాశాడు. మేకులు లేకుండా కొబ్బరి పీచు తాడుతో పలకలు కుట్టిన మసూలా పడవలనూ అతను వర్ణించాడు. ఒడ్డు మీద విరుచుకుపడే కెరటాలకు మేకుల పడవ పగిలిపోతుంది. కుట్టిన పడవ వంగి నిలుస్తుంది.

ఓడలోని మనుషుల వైపు చూపు మళ్లింది 1980ల్లో. 1986లో ఎన్.ఎ.ఎం. రాడ్జర్ పద్దెనిమిదో శతాబ్దపు బ్రిటిష్ నౌకాదళంలోని నావికుల దైనందిన జీవితాన్ని ఒక గ్రంథంగా రాశాడు. అదే ఏడాది రోజీనా విశ్రమ్ పుస్తకం బ్రిటన్ చేరిన భారతీయ ఆయాలను, లాస్కర్లనే నావికులను చరిత్రలోకి తెచ్చింది. సరంగు, తండేలు, లాస్కరు అన్న మాటలు పట్టికల్లో అంకెలుగా కాక మనుషులుగా కనిపించడం అప్పటి నుంచే. తెలుగువారి విషయంలో ఈ చూపు బర్మా దాకా పోవాలి. గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవు పేరుతో, అక్కడి నుంచి వలస వెళ్లిన తెలుగు కూలీలందరినీ బర్మాలో కోరంగీలని పిలిచేవారు. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీల సమ్మె, వారి స్థానంలో బర్మా కూలీలను పెట్టి మళ్లీ తీసేయడం పెద్ద అల్లర్లకు దారితీశాయి. రేవులో మూట దించేవాడు లేకపోతే ఓడ కదలదు. అయినా ఓడ చరిత్రలో అతనికి చాలాకాలం చోటు దొరకలేదు. 1946 ఫిబ్రవరి 18న బొంబాయి తల్వార్ స్థావరంలో నాసిరకం తిండి, జాతి వివక్షల మీద మొదలైన నావికుల తిరుగుబాటు విశాఖపట్నం దాకా పాకింది. దాన్ని కూడా ఇప్పుడు అధికారుల విచారణ నివేదికలతో పాటు నావికుల జ్ఞాపకాల నుంచి రాస్తున్నారు.

పాత యుద్ధాలను తిరిగి చదవడమూ ఈ పద్ధతిలో భాగమే. 1804 సెప్టెంబరు 15న విశాఖ రేవులో ఫ్రెంచి అడ్మిరల్ లినోయ్ 74 ఫిరంగుల మరెంగో, మరో రెండు ఫ్రిగేట్లతో వచ్చి 50 ఫిరంగుల బ్రిటిష్ ఓడ సెంచూరియన్ మీద పడ్డాడు. కెప్టెన్ లిండ్ ఒడ్డున ఉండగా లెఫ్టినెంట్ ఫిలిప్స్ పోరాడి ఓడను నిలబెట్టుకున్నాడు. అక్కడున్న రెండు వర్తక నౌకల్లో బార్నబీ ఒడ్డుకు కొట్టుకుపోయి నాశనమైంది, ప్రిన్సెస్ షార్లెట్ ఫ్రెంచి వారికి చిక్కింది. పాత గ్రంథాలు ఫిలిప్స్ ధైర్యాన్నీ లినోయ్ వెనుకంజనూ తూకం వేసి ముగిస్తాయి. కొత్త ప్రశ్నలు వేరు. విశాఖకు అప్పుడు లోపలి ఓడరేవు లేదు. అది 1933లో గానీ రాలేదు. ఓడలు ఒడ్డుకు దూరంగా లంగరు వేస్తే, సరుకంతా కెరటాల మీదుగా పడవల్లోనే చేరాలి. ఆ పడవలు నడిపిందెవరు, సరుకు ఏ ఊళ్ల నుంచి వచ్చింది, యుద్ధం తర్వాత ఆ వర్తకం ఏమైంది? ఓడ ఎందుకు అక్కడ ఉందో తెలియకుండా ఓడ ఎలా పోరాడిందో చెప్పడం సగం చరిత్రే.

ఓడల లాగ్‌బుక్కులకు కూడా కొత్త ఉపయోగం వచ్చింది. ప్రతి పూటా గాలి దిశ, బలం నమోదు చేసిన ఆ పుస్తకాల నుంచి 1750–1850 కాలపు సముద్ర వాతావరణాన్ని తిరిగి కట్టే ప్రయత్నం 2000 తర్వాత యూరపులో జరిగింది. దీనికి మూలపురుషుడని చెప్పదగినవాడు కలకత్తాలోని హెన్రీ పిడింగ్టన్. 1839లో కోరంగిని ముంచిన తుపాను వంటి వాటి దారిని ఓడల లాగ్‌బుక్కులతోనే గీసి చూపాడాయన.

సముద్రగర్భం నుంచి వచ్చే సాక్ష్యం మరొకటి. 1981లో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థలో ఎస్.ఆర్. రావు ఆధ్వర్యంలో సముద్ర పురావస్తు పరిశోధన మొదలైంది. 2001లో భారత పురావస్తు శాఖలోనూ దానికి ఒక విభాగం వచ్చింది. పత్రాలు మౌనంగా ఉన్న చోట శిథిలం మాట్లాడుతుందనడానికి విశాఖ దగ్గరే ఒక ఉదాహరణ ఉంది. 1971 డిసెంబరు 3–4 రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ 90 మందికి పైగా సిబ్బందితో మునిగిపోయింది. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల వల్లనని భారత కథనం, లోపలి పేలుడు వల్లనని పాకిస్తాన్ కథనం. 2024 ఫిబ్రవరిలో భారత నౌకాదళపు లోతు నీటి రక్షక వాహనం సుమారు 100 మీటర్ల లోతున ఆ శిథిలాన్ని గుర్తించినట్టు వెల్లడైంది. మృతుల సమాధిగా భావించి దాన్ని తాకలేదు. రెండు దేశాల పత్రాలు తేల్చని ప్రశ్నకు ఉక్కు పొట్ట చిట్లిన తీరు జవాబు చెప్పగలదు. అయినా తాకకపోవడమే సరైన మర్యాద.

ఇటీవలి ఆలోచనల్లో అన్నిటికంటే దూరం పోయినది నౌకా చరిత్రను నేల మీద వెతకడం. ఆర్.జి. ఆల్బియన్ 1926లోనే అడవులకూ నౌకాబలానికీ ముడి చూపాడు. ఆ ముడి మనవైపు కృష్ణగిరి, హోసూరు, సూళగిరి మీదుగా కూడా పోతుంది. కృష్ణగిరికీ హోసూరుకూ మధ్య, బారామహల్ మైదానం నుంచి మైసూరు పీఠభూమికి ఎక్కే దారిలో ఉన్న ఊరు సూళగిరి. సముద్రం ఇక్కడికి ఎంతో దూరం. కానీ 1791లో ఇక్కడ జరిగినదంతా ఆ ఏడాది సముద్ర చరిత్రలో భాగం. ఆ మే నెలలో, టిప్పు సుల్తానుతో జరిగిన మైసూరు యుద్ధంలో, బ్రిటిష్ సేనాపతి లార్డ్ కార్న్‌వాలిస్ శ్రీరంగపట్నం దాకా పోయి, తిండిగింజలూ ఎడ్లూ లేక పెద్ద ఫిరంగులను ధ్వంసం చేసి వెనుదిరిగాడు. జూలైలో అతని సేన హోసూరును, తరువాత రాయకోటను పట్టుకున్నది కేవలం కోటల కోసం కాదు, కనుమ దారి తెరవడం కోసం. మద్రాసుకు అప్పుడు ఓడరేవు లేదు. ఓడల్లో వచ్చిన మందుగుండు మసూలా పడవల్లో ఒడ్డు చేరి, అక్కడి నుంచి ఎడ్ల మీద ఈ కనుమలెక్కాలి. కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ లంబాడీల ఎడ్ల బిడారులతో ధాన్యం తెప్పించాడు. కృష్ణగిరి మీద జరిపిన దాడి విఫలమైన నవంబరు నెలలోనే, పడమటి తీరంలో తలశ్శేరి దగ్గర బ్రిటిష్ ఓడ ఫీనిక్స్, టిప్పుకు సామగ్రి తీసుకువెళ్తోందన్న అనుమానంతో ఫ్రెంచి ఫ్రిగేటు రెజొల్యూను ఆపి పోరాడింది. ఆ నౌకాదళానికి అధిపతి విలియం కార్న్‌వాలిస్, సేనాపతికి తమ్ముడు. నేల మీద అన్న దారి తెరుస్తుంటే, సముద్రం మీద తమ్ముడు దారి మూశాడు. నౌకా గ్రంథం ఒకటి, మైసూరు యుద్ధ గ్రంథం ఒకటి విడివిడిగా చదివితే ఈ సంబంధం కంటపడదు.

1792 మార్చి శ్రీరంగపట్నం ఒడంబడికతో బారామహల్, మలబారు రెండూ ఒకేసారి కంపెనీ చేతికి వచ్చాయి. మలబారు టేకు బొంబాయి ఓడల కట్టడానికి పోయింది. 1817లో అక్కడ కట్టిన ట్రింకోమలీ అనే ఫ్రిగేటు ఇప్పటికీ ఇంగ్లండులోని హార్టిల్‌పూల్‌లో ఉంది. మలబారు తీరం పోగొట్టుకున్న టిప్పు నౌకాదళం మీద ఆశ వదులుకోలేదు. మిగిలిన రేవుల్లో సుమారు నలభై యుద్ధనౌకలు కట్టాలని 1796లో వివరమైన ఉత్తర్వులు రాయించాడు. విలియం కిర్క్‌పాట్రిక్ 1811లో ప్రచురించిన టిప్పు ఉత్తరాల సంపుటంలో వాటి అనువాదం ఉంది. మైసూరు 1799లో పడిపోవడంతో ఆ ఓడలు కాగితం మీదే మిగిలాయి. హోసూరు ప్రాంతం కూడా అప్పుడే కంపెనీ పాలనలోకి వచ్చింది.

నౌకాదళపు టేకు కోసం 1806లో కంపెనీ మలబారులో కెప్టెన్ వాట్సన్‌ను అడవుల కన్సర్వేటరుగా నియమించింది. టేకు మీద గుత్తాధిపత్యం రైతులకూ కలప వర్తకులకూ కష్టం తెచ్చింది. 1823లో ఆ ఉద్యోగాన్ని రద్దు చేసినవాడు మద్రాసు గవర్నరు థామస్ మన్రో. రాయలసీమ వారు బాగా ఎరిగిన ఈ మన్రో 1792 నుంచి 1799 దాకా రీడ్ కింద బారామహల్‌లోనే పన్నుల పని నేర్చుకున్నాడు. నౌకాదళం అవసరం గొప్పదా, సేద్యగాడి హక్కు గొప్పదా అన్న తగవులో ఆయన తీర్పుకు మూలాలు వెతకాలంటే నౌకాదళ పత్రాలు చాలవు. 1907 నుంచి మద్రాసు ప్రభుత్వం అచ్చువేసిన బారామహల్ రికార్డులు, కావలి సోదరుల సాయంతో కాలిన్ మెకంజీ సేకరించిన కైఫీయతులు ఇప్పుడు నౌకా చరిత్రకారుడి బల్ల మీదకు చేరవలసిన పత్రాలు.