మామ కీబోర్డూ, నా ల్యాప్‌టాపూ, ఓ పాత ఒప్పందమూ

మొన్న వినాయక చవితికి మా ఊరు కోడుమూరు వెళ్ళాను. మా మామ పాతికేళ్ళ పైనుంచీ ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాడు. కర్నూలు నుంచి ఎమ్మిగనూరు దాకా ఆయన వాయించని పెళ్ళి పందిరి లేదు. ఆయన దగ్గరున్నది రోలాండ్ ఎక్స్‌పీ-60, 1998 నాటి మోడల్. అప్పు చేసి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. "మామా, దాన్ని అమ్మేయ్, నా ల్యాప్‌టాప్‌లో ఇంతకంటే మంచి వయొలిన్లున్నాయి" అని రెండేళ్ళుగా పోరుతుంటే, ఈసారి సరేనన్నాడు.

రెండో పాట చరణంలో చిటపటలు మొదలయ్యాయి. మూడో పాటకి వయొలిన్లు ముక్కలు ముక్కలు. చూస్తే వెనకాల ఏదో అప్‌డేట్ దిగుతోంది! పాడే అమ్మాయి నా వంక చూస్తోంది, జనం ఈలలేస్తున్నారు. మామ ఒక్క మాట అనకుండా, గుడ్డ కప్పి పెట్టుకున్న ఎక్స్‌పీ-60 బయటికి తీసి, వైరు మార్చి, చరణం అందుకున్నాడు. తర్వాత టీ తాగుతూ అన్నాడు: "నీ డబ్బా నూరు పనులు చేస్తాదబ్బీ. నాది ఒకటే పని చేస్తాది. స్టేజి మీదికి అదే కావాల."

సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని కదా, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆలోచిస్తే మామ చెప్పింది నూటికి నూరుపాళ్ళూ నిజం.

సీడీ నాణ్యత అంటే సెకనుకి 44,100 శాంపిళ్ళు. 256 శాంపిళ్ళ బఫర్ పెట్టుకుంటే, దాన్ని నింపడానికి కంప్యూటర్‌కి దొరికేది 5.8 మిల్లీసెకన్లు. అది దాటితే చిటపటే. మన వెబ్ సర్వర్ అర సెకను ఆలస్యమైతే ఎవరూ చావరు. పాటలో మాత్రం ఆలస్యంగా వచ్చిన సరైన జవాబు కూడా తప్పు జవాబే. ప్రాసెసర్ వేగం కాదు సమస్య, "ఎప్పుడూ ఆలస్యం చేయను" అన్న హామీ. ఆ హామీ కోసమే సంగీతానికంటూ ప్రత్యేకంగా పెట్టెలు పుట్టాయి.

1983లో యమహా డీఎక్స్7 వచ్చింది. స్టాన్‌ఫర్డ్‌లో జాన్ చౌనింగ్ కనిపెట్టిన ఎఫ్ఎం సింథసిస్‌ని యమహా లైసెన్సు తీసుకుని సొంత చిప్పుల్లోకి దించింది. ఆ మరుసటేడు అదే కంపెనీ సీఎక్స్5ఎం అనే కంప్యూటర్ తెచ్చింది. అందులో ఉన్నది 3.58 మెగాహెర్ట్జ్ జెడ్80 ప్రాసెసర్. శబ్దం లెక్కగట్టే శక్తి దానికెక్కడిది? అందుకే అది ఏ స్వరం ఎప్పుడు మోగాలో మాత్రమే చెప్పేది, మోగించే పని పక్కనున్న ఎఫ్ఎం చిప్పుది. ఇళయరాజా 1986లో 'పున్నగై మన్నన్'కి వాడింది ఇదేనని, కంప్యూటర్‌తో సంగీతం చేసిన తొలి భారతీయ చిత్రం అదేనని చెబుతారు. మనకి 'డాన్స్ మాస్టర్'గా డబ్ అయింది. అప్పట్లో సీక్వెన్సర్ పని చూసిన కుర్రాడు దిలీప్. రాజ్-కోటి దగ్గర కూడా కీబోర్డు వాయించిన ఆ దిలీపే, తర్వాత కోడంబాకంలో ఇంటి పెరట్లో స్టూడియో కట్టుకుని, 1992లో 'రోజా'తో ఏ.ఆర్. రెహమాన్‌గా మనకి పరిచయమయ్యాడు.

తర్వాత పీసీల వేగం పెరిగింది. 1998లో గిగాశాంప్లర్ వచ్చి, వాయిద్యాల శబ్దాలని హార్డ్ డిస్క్ నుంచి అప్పటికప్పుడు చదివి వినిపించింది. 1999లో స్టెయిన్‌బర్గ్ వీఎస్‌టీ ప్రమాణంలోకి వాయిద్యాలు కూడా చేరాయి. ఇక విడి పెట్టెలతో పనేముంది అనుకున్నారు. కానీ జరిగింది వేరు. సంగీత దర్శకులు వయొలిన్లకో పీసీ, ఇత్తడి వాయిద్యాలకో పీసీ చొప్పున వరసగా పేర్చుకున్నారు. 2000ల మధ్యలో మ్యూజ్ రీసెర్చ్ వాళ్ళు రిసెప్టర్ అనే పెట్టె అమ్మారు. విప్పి చూస్తే లోపల మామూలు పీసీ భాగాలే! లినక్స్ మీద, వైన్ సాయంతో, విండోస్ వాయిద్యాలు నడిపేది. అంటే జనం డబ్బిచ్చి కొన్నది ఎక్కువ శక్తిని కాదు, వేరే పనేదీ చేయని కంప్యూటర్‌ని.

మరి మామే గెలిచాడా? సగమే. గిగాస్టూడియో 2008లో ఆగిపోయింది. రిసెప్టర్ తయారీ కూడా ఆగింది. దాంట్లోకి కొత్త వాయిద్యం ఎక్కాలంటే చాలావరకు కంపెనీ తయారుచేసిన ఇన్‌స్టాలర్ కావాలి, కంపెనీ ఆగితే పెట్టె కాలం దాదాపు అక్కడికి ఆగిపోయినట్టే. మామ కీబోర్డుకీ అదే గండం ఉందని ఆ మర్నాడే తెలిసింది. పెళ్ళిళ్ళ కోసం ఆయన ఏళ్ళ తరబడి చెక్కుకున్న సన్నాయి టోన్లన్నీ దాంట్లోనే ఉన్నాయి. బ్యాకప్ అని దాచుకున్న ఫ్లాపీల్లో ఒక్కటీ చదవలేదు. మామ ముఖం చూడలేకపోయాను.

అప్పుడు గుర్తొచ్చింది మిడి. 1983లో ఆరంభమైన ప్రమాణం. పోటీ కంపెనీలైన రోలాండ్, సీక్వెన్షియల్ సర్క్యూట్స్ తమ రెండు కీబోర్డులని ఒక వైరుతో కలిపి చూపించాయి. సెకనుకి 31,250 బిట్ల వేగం, అంతే. కర్నూల్లో కేబుల్ కొనుక్కొచ్చి, కీబోర్డుని ల్యాప్‌టాప్‌కి తగిలించి, టోన్లన్నీ మిడి ద్వారా పంపమన్నాను. నలభై ఏళ్ళు దాటిన ఆ ఒప్పందం ప్రకారం అన్నీ వరసగా దిగాయి. తిరిగి ఎక్కించి చూస్తే సన్నాయి సన్నాయిలాగే మోగింది.

నాకర్థమైందేమిటంటే, పాట మధ్యలో ఆగకుండా కాపాడేది ఒక్క పని చేసే పెట్టె. పెట్టె పోయాక పనిని కాపాడేది నలుగురూ కలిసి రాసుకున్న ప్రమాణం. మనం రాసే సాఫ్ట్‌వేర్‌లో మొదటిదాని గురించి గంటలు గంటలు మాట్లాడుకుంటాం, రెండోదాన్ని "తర్వాత చూద్దాం" అంటాం.

కీబోర్డు అమ్మమని ఇక అడగను. లినక్స్ కెర్నెల్‌లోకి రియల్‌టైమ్ మద్దతు 2024లో పూర్తిగా వచ్చేసింది. రాస్‌బెర్రీ పై మీద నడిచే జింథియన్ అనే ఓపెన్ సోర్స్ సింథ్ కూడా ఉంది. వచ్చే సంక్రాంతికి అలాంటిదొకటి కట్టి, మామ కీబోర్డుకే మిడి వైరుతో తగిలిస్తానన్నాను.

"దాంట్లో అప్‌డేట్ వస్తాదా?" అని అడిగాడు.

రాదన్నాక ఒప్పుకున్నాడు.