మూడో పుస్తకం

హైదరాబాద్ అంచున, నల్లగండ్ల చెరువుకు అవతల, ఇప్పుడు అపార్ట్‌మెంట్లు లేచిన చోట, ఒకప్పుడు మా పెదనాన్న వరి పొలం ఉండేది. నేను ఆ పొలం దున్నలేదు. దస్తావేజులు రాశాను. అమ్మకాలు, తనఖాలు, భాగపంపకాలు, వీలునామాలు, అప్పుడప్పుడు దత్తత పత్రాలు. ముప్పై ఎనిమిదేళ్లు అదే పని.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పుస్తకాలకు నంబర్లుంటాయి. ఒకటో పుస్తకం ఇళ్లది, భూములది. మూడో పుస్తకంలో రెండే రకాల కాగితాలు ఎక్కుతాయి: వీలునామాలు, దత్తత అధికార పత్రాలు. పని నేర్చుకునే రోజుల్లో ఈ రెంటికీ పొత్తు ఏమిటో నాకు అర్థం కాలేదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చదివాక తెలిసింది. కొడుకును దత్తత తీసుకునే అధికారం ఇస్తూ 1872 జనవరి 1 తర్వాత రాసిన పత్రం, అది వీలునామాలో భాగం కాకపోతే, తప్పక రిజిస్టరు చేయించాలని 17వ సెక్షన్. భర్త తన తదనంతరం ఒక పిల్లవాణ్ణి తెచ్చుకోమని భార్యకు రాసి ఇచ్చేది ఆ అధికారం. రెండూ చావును ముందు పెట్టుకుని రాసే కాగితాలే. అందుకే ఒకే పుస్తకం.

చట్టం 'కొడుకు' అనే రాసింది. కొరివి పెట్టాలి, పిండం పెట్టాలి, ఇంటిపేరు నిలబెట్టాలి, పొలం పరుల పాలు కాకుండా కాయాలి. ఆ పనులకు కొడుకు కావాలి. పిల్లవాడికి ఏం కావాలో ఏ పత్రంలోనూ రాసేవారు కాదు.

1899లో అప్పటి ఆఖరి అప్పీలు కోర్టు, లండన్ ప్రీవీ కౌన్సిల్ ముందుకు మన తెలుగువాళ్ల దత్తత తగాదాలు రెండు వచ్చాయి. ఒకటి బలుసు వారిది. ఒక్కగానొక్క కొడుకును దత్తత ఇస్తే చెల్లుతుందా? చెల్లుతుందన్నారు. రెండోది పిఠాపురానిది. రాజా గంగాధర రామారావు పిల్లలు లేక ఒక అబ్బాయిని దత్తత తీసుకున్నాడు. తర్వాత 1885లో సూర్యారావు పుట్టాడు. రాజు సంస్థానాన్ని పుట్టినవాడికే వీలునామా రాశాడు. దత్తపుత్రుడు దావా వేసి ఓడిపోయాడు. ఆ తీర్పు వారసత్వ చట్టాల పుస్తకాల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. నన్ను పట్టుకున్నది మాత్రం ఓడిపోయినవాడి సంగతి. ఒక ఇంట్లో పుట్టి, ఇంకో ఇంట కొడుకై, మళ్లీ అక్కర్లేనివాడయ్యాడు. గెలిచిన సూర్యారావు మహారాజు పెద్దయ్యాక సంఘ సంస్కర్త రఘుపతి వెంకటరత్నం నాయుడి ప్రభావంతో కాకినాడలో అనాథ శరణాలయం పెట్టించాడు. అన్నగా వచ్చి పరాయివాడైపోయిన మనిషి ఆయనకు గుర్తొచ్చి ఉంటాడనే నేను అనుకుంటాను.

ఆడపిల్లను దత్తత తీసుకునే దారి చాలాకాలం లేనట్టే. కళావంతుల ఇళ్లలో మాత్రం ఆచారంగా తీసుకునేవారు, అదీ తమ ఆటపాటల వృత్తి కోసమే. కొడుకు లేని ఇంటికి అల్లుణ్ణే తెచ్చి ఆస్తిలో వాటా ఇచ్చే ఇల్లటాన్ని మద్రాసు కోర్టులు రెడ్లు, కమ్మవారి ఆచారంగా ఒప్పుకున్నాయి. మా దిక్కు ఇల్లుటం అంటారు. 1956లో హిందూ దత్తత చట్టం వచ్చాకే కూతురు కూడా దత్తతకు అర్హురాలైంది, పెళ్లికాని స్త్రీ, వితంతువు తమంతట తాము దత్తత తీసుకోగలిగారు. హోమం తప్పనిసరి కాదని, ఇవ్వడం పుచ్చుకోవడం జరిగితే చాలని అదే చట్టం చెప్పింది.

ఆ ఇవ్వడం పుచ్చుకోవడం ఒకసారి నా బల్ల ముందే జరిగింది. వికారాబాద్ వైపు నుంచి అన్నదమ్ములిద్దరు వచ్చారు. తమ్ముడికి నలుగురు పిల్లలు, అన్నకు లేరు. మూడోవాడు, ఆరేళ్లవాడు, కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. నేను మామూలుగానే రాశాను: నేటి నుండి సదరు బాలుడు నా ఔరస పుత్రునితో సమానుడు, జన్మించిన కుటుంబంలో అతనికి ఎట్టి హక్కులు లేవు. చదివి వినిపించాను. పెద్దవాళ్లు ఒక్కొక్కరే సిరాదిండు మీద బొటనవేలు అద్ది కాగితం మీద ఒత్తారు. పిల్లవాడు వరసలో నిలబడి చెయ్యి చాపాడు.

"నేనెయ్యాల్నా?"

"నీకేం పనిలేదు బిడ్డా" అన్నాడు కన్నతండ్రి.

వాడు చెయ్యి వెనక్కి తీసుకుని చొక్కాకు తుడుచుకున్నాడు. సిరా అంటనే లేదు.

కాగితం లేని బిడ్డలు అంతకంటే ఎక్కువమంది. మా దిక్కు 'సాదుకున్న బిడ్డ' అంటారు. చెల్లెలు చచ్చిపోతే ఆమె పిల్లను అక్క సాదుకుంటుంది, ఎవరూ పత్రం రాయరు. 1998లో మా దగ్గర ఐటీ కంపెనీల సైబర్ టవర్స్ తెరిచాక భూములకు ఎకరాల లెక్క పోయి గజాల లెక్క వచ్చింది. అప్పుడొక నడివయసు ఆమె నా దగ్గరికి వచ్చింది. సాదిన తల్లి మంచం పట్టినన్నాళ్లూ నీళ్లు పోసింది, ఎత్తి కూచోబెట్టింది ఈమే. తల్లి పోయాక పాలివాళ్లు వచ్చి నువ్వెవరన్నారు. పాత రేషన్ కార్డు, బడి సర్టిఫికెట్టు, పెళ్లి ఫొటో ప్లాస్టిక్ సంచిలో తెచ్చింది. "ఇవి సాలవా సారూ?" అంది. ఇచ్చిన రోజు, ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు రుజువు కావాలి. కన్నతల్లి, సాదిన తల్లి ఇద్దరూ లేరు. నేను ఏ పత్రమూ రాయలేకపోయాను. ఆమె మొహం నాకింకా కళ్ల ముందే ఉంది.

ఆ ఏళ్లలోనే పిల్లల వ్యాపారం బయటపడింది. 1999లో, మళ్లీ 2001లో, నల్లగొండ జిల్లా దేవరకొండ తండాల నుంచి, అప్పట్లో మా రంగారెడ్డి జిల్లాలోనే ఉన్న తాండూరు నుంచి వార్తలొచ్చాయి. పేద లంబాడా తల్లుల దగ్గర ఆడశిశువుల్ని కొద్దిపాటి డబ్బుకు తీసుకుని విదేశీ దత్తతలకు పంపారని. తాండూరు నుంచి రైళ్లు మా లింగంపల్లి మీదుగానే వస్తాయి. దత్తతకు డబ్బు ఇవ్వడం పుచ్చుకోవడం నేరమని 1956 చట్టంలోనే ఉంది. అయినా ఆ తల్లుల చేత వేలిముద్రలు వేయించారు. కాగితం ఎవరి పక్షమైనా పలుకుతుందని నాకంటే బాగా ఎవరికి తెలుసు? 2001 ఏప్రిల్‌లో అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం పేదరికాన్ని, ఆడపిల్ల అన్న కారణాన్ని చూపి బిడ్డను వదులుకోవడం కుదరదని ఉత్తర్వు ఇచ్చింది.

2015 బాలల న్యాయ చట్టంతో, దాని కింద వచ్చిన నిబంధనలతో లెక్క తిరగబడింది. ఇంటికి పిల్లవాణ్ణి వెతకడం కాదు, పిల్లకు ఇల్లు వెతకాలి. ఇంటికొచ్చి చూసి నివేదిక రాస్తారు. ఐదేళ్లు నిండిన బిడ్డనైతే నీకిష్టమేనా అని అడగాలి. 2022 సెప్టెంబరు నుంచి కోర్టుకు బదులు కలెక్టరే దత్తత ఉత్తర్వు ఇస్తున్నారు. కన్నవారి దగ్గర ఉండలేని పిల్లల్ని కొన్నాళ్లు తమ ఇంట పెంచే ఫోస్టర్ కేర్‌కు 2024 మార్గదర్శకాలతో ఒంటరి మనుషులూ అర్హులయ్యారు. దాన్ని కూడా నేను సాదుడు అనే అంటాను.

పోయిన చలికాలం చెరువు పక్క అపార్ట్‌మెంట్ నుంచి ఒకామె వచ్చింది. పెళ్లి కాలేదు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వెంట ఏడేళ్ల పిల్ల. కలెక్టర్ ఉత్తర్వు ఉంది, తల్లి పేరుతో జనన ధ్రువపత్రం ఉంది. ఇక నాతో ఏం పని అన్నాను. "నాకేమన్నా అయితే పాప ఎవరి దగ్గర పెరగాలో రాయాలండీ" అంది. సంరక్షకురాలిగా తన స్నేహితురాలి పేరు చెప్పింది.

"పాపను అడిగారా?" అన్నాను.

"అడిగింది. నేనే చెప్పాను, ఆ ఆంటీ అని. వాళ్లింట్లో కుక్క ఉంది" అంది పిల్ల.

రాశాను. వీలునామా కాబట్టి మూడో పుస్తకంలోనే ఎక్కింది. ఆఫీసులో ఇప్పుడు వేలిముద్రలు మిషన్ మీద తీసుకుంటారు. పాత సిరాదిండు మాత్రం నా బల్ల మీదే ఉంటుంది. పిల్ల దాన్నే చూస్తోంది. మూత తీసి, చిత్తు కాగితం ఒకటి ముందుకు జరిపాను. బొటనవేలు గట్టిగా ఒత్తింది. ఊదింది. మళ్లీ ఒకటి, పక్కన ఇంకొకటి. తర్వాత ఆ కాగితం మడిచి, ఇంటికి తీసుకెళ్లొచ్చా తాతా అని అడిగింది.