మన్రో దొర విన్న గొంతు, మన ఫోన్లో వినిపించే గొంతు

మంత్రాలయం వెళ్ళొచ్చిన వాళ్ళలో మన్రో దొర కథ వినని వాళ్ళు తక్కువే. 1800లో నిజాం ఈ జిల్లాల్ని కంపెనీకి రాసిచ్చాక ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో, మఠం భూముల సంగతి తేల్చడానికి మంత్రాలయం వచ్చాడట. టోపీ, బూట్లు తీసి బృందావనం ముందు నిలబడితే, 1671లోనే బృందావన ప్రవేశం చేసిన రాఘవేంద్రస్వామి ఆయనతో మాట్లాడారట. పక్కనున్న వాళ్ళకి దొర మాటలు తప్ప ఇంకేమీ వినపడలేదట. చివరికి భూములు మఠానికే ఉండిపోయాయి. ఈ కథ పాత మద్రాసు గెజెటీర్లో కూడా ఎక్కిందని మఠం వాళ్ళు చెప్తారు.

నమ్మకం సంగతి ఎవరిది వాళ్ళది, నేను దాని జోలికి పోవట్లేదు. నాకు ఆసక్తిగా అనిపించింది ఇంకోటి. కథలో గొంతు విన్న ఈ మనిషే చరిత్రలో పక్కా కాగితం మనిషి! 1807 దాకా ఇక్కడుండి చేను చేనుకీ కొలతలు వేయించి, రైతువారీ పద్ధతిలో శిస్తు లెక్క రైతు పేరు మీద రాయించాడు. గవర్నరయ్యాక 1827లో మళ్ళీ సీమకి వచ్చి పత్తికొండలో కలరాతో పోయాడు. ఆ కాలంలో గొంతు నమ్మకానికి, భూమికీ డబ్బుకీ మాత్రం కాగితం, ముద్ర, సంతకం అన్నమాట.

ఫోనొచ్చి ఈ రెండిటినీ కలిపేసింది. సీమలో ఏ ఊరు చూసినా కొడుకో కూతురో బెంగుళూరులోనో హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు. "నాయనా, నేను" అంటే చాలు, అదే సంతకం. 2016 ఏప్రిల్లో యూపీఐ వచ్చింది, డబ్బు పంపడం నిమిషం పనైంది. అదే ఏడు సెప్టెంబర్లో డీప్‌మైండ్ వాళ్ళు వేవ్‌నెట్ చూపించారు, మెషీన్ గొంతు మనిషి గొంతులా వినిపించడం మొదలైంది. ఈ రెండూ ఒకే ఏడాది రావడం కాకతాళీయమే, కానీ దాని ఫలితం మనం ఇప్పుడు చూస్తున్నాం.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1939లో న్యూయార్క్ ఎగ్జిబిషన్లో బెల్ ల్యాబ్స్ వాళ్ళు వోడర్ అనే మాట్లాడే యంత్రం పెట్టారు. దాన్ని మీటలతో, పెడల్‌తో వాయించి మాట్లాడించాలి. అది నేర్చుకోడానికి ఆపరేటర్లకి ఏడాది దాకా పట్టేదట. 2023 జనవరిలో మైక్రోసాఫ్ట్ వాల్-ఈ ప్రకటించినప్పుడు కావలసిన శాంపిల్ ఎంతో తెలుసా? 3 సెకన్లు! గొంతుని కొన్ని అంకెల కింద మార్చేస్తే, ఆ గొంతుతో ఏ వాక్యమైనా చెప్పించొచ్చు. పైగా మామూలు ఫోన్ లైన్ 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే మోస్తుంది. నకిలీలో లోపాలున్నా అందులో కొన్ని అక్కడే దాక్కుంటాయి.

ఇక జరిగిన మోసాలు. 2019లో ఇంగ్లండులో ఒక ఎనర్జీ కంపెనీ అధికారి, జర్మనీలో ఉన్న పెద్ద బాస్ గొంతే అనుకుని 2,20,000 యూరోలు పంపేశాడు. యాసతో సహా అచ్చు బాస్ గొంతే. 2023 జులైలో కోజికోడ్‌లో ఒక రిటైర్డ్ ఉద్యోగికి, ఆంధ్రాలో ఉండే పాత సహోద్యోగి ముఖంతో, గొంతుతో వీడియో కాల్ వచ్చింది. ఆస్పత్రి ఖర్చులంటే 40,000 రూపాయలు పంపాడు.

ఈ రెండిటిలో ఒక పోలిక చూడండి. ఇద్దరికీ గొంతు విన్నప్పుడు అనుమానం రాలేదు, మళ్ళీ డబ్బు అడిగినప్పుడు వచ్చింది. కోజికోడ్ ఆయన అప్పుడు స్నేహితుడి పాత నంబరుకి చేస్తే గుట్టు బయటపడింది. అంటే చెవి ఓడిపోయింది, ఎదురు ఫోన్ గెలిచింది.

అందుకే "నకిలీ గొంతు ఎలా గుర్తుపట్టాలి" అని ఇంట్లో వాళ్ళకి పాఠాలు చెప్పడం నా దృష్టిలో దండగ. రోజూ ఇవే చూసే మనమే గుర్తుపట్టలేం, అరవై ఏళ్ళ అమ్మ ఎలా పడుతుంది? చెప్పాల్సింది గొంతు గురించి కాదు, అడిగే పని గురించి. డబ్బు, ఓటీపీ, "ఎవరికీ చెప్పొద్దు", "ఇప్పుడే"... ఇందులో ఏది వినపడినా, నా గొంతే అయినా సరే, ఫోన్ పెట్టేసి నా పాత నంబరుకి చెయ్యమని చెప్పండి. అది కలవకపోతే తమ్ముడికో, పక్కింటి పెద్దమ్మకో చెప్పాకే ముందుకెళ్ళమనండి. ఇంటికో రహస్య మాట పెట్టుకోండి, చిన్నప్పటి ఎద్దు పేరైనా ఫరవాలేదు, ఫేస్‌బుక్‌లో లేనిదైతే చాలు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలి, ఎంత త్వరగా చేస్తే ఖాతాలో డబ్బు ఆపించే అవకాశం అంత ఎక్కువ.

మనం ఆఫీసులో ప్రతి లాగిన్‌కీ రెండో ఫ్యాక్టర్ పెడతాం. పొలం అమ్మి మనల్ని చదివించిన వాళ్ళకి మాత్రం ఒక్క ఫ్యాక్టరే మిగిల్చాం, అది మన గొంతు. అదీ ఇప్పుడు లీకైపోయింది. ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు "తిన్నారా" అని అడిగాక, ఆ రెండోదేదో కూడా పెట్టేయండి.