సారె మీద మట్టి, బట్టీలో మంట: భారతీయ స్టూడియో కుండకళ

మట్టిపాత్రకు ఉన్నంత అవిచ్ఛిన్నమైన చరిత్ర మన దేశంలో బహు కొద్ది చేతిపనులకే ఉంది. నల్లని రేఖాచిత్రాలు దిద్దిన హరప్పా ఎర్రకుండలు మొదలు నేటి వేసవి మంచినీళ్ల కూజా వరకు ఆ పరంపర తెగలేదు. సాహిత్యమూ దానిని గౌరవించింది. పాల్కురికి సోమనాథుని బసవపురాణంలో కుమ్మరి గుండయ్య కుండల మీద వేసిన తాళానికి సాక్షాత్తు శివుడే నర్తించాడు. తెలుగులో రామాయణం రచించిన మొల్ల కుమ్మరి ఇంటి ఆడపడుచు అని ప్రతీతి. మరాఠీ భక్తకవి గోరా కుంభార్ కూడా ఈ వృత్తివాడే.

అయితే ‘స్టూడియో కుమ్మరి’ అని నేడు మనం పిలుస్తున్న కళాకారుడు మాత్రం ఇరవయ్యో శతాబ్దిలో రూపొందిన వ్యక్తి. మట్టి కలపడం, సారె మీద పాత్రను లేపడం, గాజుపూత తయారుచేయడం, బట్టీ కాల్చడం అన్నీ తానే చేసుకొని, చివరకు పాత్ర అడుగున తన ముద్ర వేసుకోవడం ఇతని లక్షణం. ఇది కులవృత్తిగా సంక్రమించినది కాదు, కోరి స్వీకరించినది. ఈ కొత్త కళాకారుడు ఎక్కడి నుంచి వచ్చాడు? ఇతని దైనందిన శ్రమ ఎటువంటిది? ఆ శ్రమ వెనుక ఎవరి ఋణం ఉంది? ఈ మూడు ప్రశ్నలకు సమాధానం ఒకేచోట దొరుకుతుంది.

గ్రామీణ కుమ్మరి చేసే కుండకు సాధారణంగా గాజుపూత ఉండదు. గాజుపూత విద్య మన దేశంలో ప్రధానంగా సుల్తానుల కాలంలో, కట్టడాల మీది రంగుపలకల రూపంలో వికసించింది. ముల్తాన్ సమాధులు, 1472 నాటి బీదరు మహమూద్ గవాన్ మదరసా, హైదరాబాదులోని బాద్షాహీ ఆషూర్ఖానా ఇందుకు నిదర్శనాలు. ఢిల్లీలో ఈ నీలిపూత విద్యను ఇరవయ్యో శతాబ్ది ఆరంభం దాకా నిలిపిన పఠాన్ పనివారిలో అబ్దుల్లా ఒకరు. భూగర్భశాస్త్రం చదువుకొని ఢిల్లీకి వచ్చిన యువకుడు గురుచరణ్ సింగ్ ఈ విద్యలో తొలి పాఠాలు నేర్చుకున్నది ఆయన వద్దనే. భారతీయ స్టూడియో కుండకళకు పితామహుడని చెప్పబడుతున్న వ్యక్తికి తొలి గురువు ఒక సంప్రదాయ వృత్తికారుడు కావడం గమనార్హం.

గురుచరణ్ సింగ్ 1919లో పింగాణీ విద్య అభ్యసించడానికి జపాను వెళ్లారు. అక్కడ బెర్నార్డ్ లీచ్, హమదా షోజీ, కవాయి కంజిరో, యనాగి సోయెత్సు వంటి వారితో ఆయనకు పరిచయం కలిగింది. తర్వాతి కాలంలో యనాగి ‘మింగేయి’ అనే పేరుతో ఒక ఉద్యమాన్ని నడిపారు. పేరు తెలియని పల్లె పనివాడు నిత్యోపయోగం కోసం చేసిన వస్తువులోనే నిజమైన సౌందర్యం ఉందని ఆ ఉద్యమం ఉద్ఘాటించింది. హమదా తన పాత్రల మీద సంతకం చేయడమే మానుకున్నారు. లీచ్ 1920లో హమదాతో కలిసి ఇంగ్లండులోని సెయింట్ ఐవ్స్‌లో కార్యశాల నెలకొల్పి పాశ్చాత్య దేశాలలో స్టూడియో కుండకళకు దారి వేశారు.

స్వదేశానికి తిరిగి వచ్చిన గురుచరణ్ సింగ్ 1952లో ఢిల్లీ బ్లూ పాటరీని స్థాపించారు. 1991లో పద్మశ్రీ పురస్కారం అందుకొని, 1995లో కన్నుమూశారు. ఈ మధ్యకాలంలోనే మరికొన్ని పాయలు ఈ ప్రవాహంలో కలిశాయి. గాంధీజీ నయీ తాలీమ్ కార్యక్రమంలో కళోపాధ్యాయుడుగా సేవాగ్రాములో పనిచేసిన దేవీప్రసాద్ కుండకళను విద్యలో, శాంతి సాధనలో భాగంగా చూశారు. లీచ్ వద్ద పనిచేసి వచ్చిన నిర్మలా పట్వర్ధన్ కుమ్మరుల కోసం గాజుపూతల కరదీపిక రచించారు. 1971లో అమెరికా దంపతులు రే మీకర్, డెబొరా స్మిత్ పుదుచ్చేరిలో గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీని ప్రారంభించారు. అక్కడ శిక్షణ పొందినవారు దేశంలో అనేక చోట్ల బట్టీలు కట్టుకున్నారు.

ఇక స్టూడియో కుమ్మరి దినచర్య. అది మట్టితోనే మొదలవుతుంది. పల్లె కుమ్మరి చెరువు మట్టికి ఇసుక కలిపి కాలితో తొక్కుతాడు. స్టూడియోలో గుజరాత్, రాజస్థాన్ ప్రాంతాల బంకమన్నుకు చైనా మట్టి, ఫెల్డ్‌స్పార్, పలుగురాతి పొడి తూకం ప్రకారం కలుపుతారు. నీటిలో నానబెట్టి, జల్లెడ పట్టి, ఆరబెట్టి, కొంతకాలం మాగనిస్తారు. తర్వాత చేతితో పిసికి గాలిబుడగలు లేకుండా చేస్తారు. ఇందులో అశ్రద్ధ చూపితే ఆ లోపం బట్టీలో బయటపడుతుంది.

సారె మీద మొదటి పని ముద్దను నడిమికి తేవడం. ముద్ద చేతుల మధ్య అదురు లేకుండా తిరిగినప్పుడే బొటనవేలు దించి, గోడను పైకి లాగడం సాధ్యమవుతుంది. ఒక కొత్త విద్యార్థికి ఈ ఒక్క మెట్టు ఎక్కడానికి వారాలు పట్టవచ్చు. పాత్ర సగం ఆరిన తర్వాత దానిని బోర్లించి అడుగు చెక్కుతారు, పిడి అతుకుతారు. తడిమట్టి పాత్ర ఆరి, కాలి పూర్తయ్యేసరికి సుమారు 10 నుంచి 12 శాతం కుంచించుకుపోతుంది. కనుక కుమ్మరి ఎప్పుడూ కావలసిన దానికంటే పెద్ద పాత్రనే చేయవలసి ఉంటుంది.

కాల్పు సాధారణంగా రెండు విడతలు. మొదటి కాల్పు 900 నుంచి 1000 డిగ్రీల సెల్సియస్ వరకు. పలుగురాయి స్వభావం మారే 573 డిగ్రీల దరిదాపుల్లో మంట తొందరపడితే పాత్ర చీలుతుంది. ఆ తర్వాత గాజుపూత. ఇసుకలోని సిలికా, మట్టిలోని అల్యూమినా, వాటిని కరిగించే సున్నం లేదా కట్టెబూడిద దీనికి మూలద్రవ్యాలు. రెండవ కాల్పు 1250 నుంచి 1300 డిగ్రీల వరకు సాగుతుంది. అప్పుడు మట్టి రాయివలె గట్టిపడి స్టోన్‌వేర్ అవుతుంది. మన ఇళ్లలో ఆవకాయ జాడీ ఏళ్ల తరబడి ఉప్పునూ నూనెనూ పీల్చకుండా నిలవడానికి కారణం ఇదే.

వేడిని కొలవడానికి జర్మన్ రసాయన శాస్త్రవేత్త హెర్మన్ సెగర్ 1880లలో రూపొందించిన శంకువులు నేటికీ వాడుకలో ఉన్నాయి. నిర్ణీత ఉష్ణానికి శంకువు తల వాలుస్తుంది. పుదుచ్చేరి ప్రాంతంలో సరుగుడు కట్టెలతో గంటల తరబడి మంట నడుపుతారు. గాలిని తగ్గిస్తే మంట ప్రాణవాయువు కోసం గాజుపూతనే ఆశ్రయిస్తుంది. అప్పుడు ఆకుపచ్చ నివ్వవలసిన రాగి ఎరుపునూ, గోధుమరంగు నివ్వవలసిన ఇనుము లేత సముద్రపు పచ్చనూ ఇస్తాయి. కాల్పు ముగిశాక బట్టీ చల్లారేదాకా ఓపిక పట్టాలి. తొందరపడి తెరిస్తే నెలల శ్రమ పగిలిపోతుంది.

ప్రతి కాల్పు వివరాలనూ స్టూడియో కుమ్మరి పుస్తకంలో వ్రాసుకుంటాడు. గంటగంటకూ వేడి, గాలి, కట్టె, ఫలితం అన్నీ అందులో ఉంటాయి. నిజానికి పల్లె కుమ్మరికీ స్టూడియో కుమ్మరికీ ఉన్న ప్రధాన భేదం ఇక్కడే ఉంది. నల్లకుండ కావలసినప్పుడు పల్లె కుమ్మరి ఆవమును మూసివేసి పొగను లోపలనే బంధిస్తాడు. స్టూడియోలో గాలి తగ్గించి సాధించేదీ ఆ సూత్రాన్నే. కాని మొదటివాని జ్ఞానం పొగ రంగు చూసే కంటిలోనూ, తండ్రి నుంచి కొడుకుకు సంక్రమించే మాటలోనూ ఉంది. రెండవవాని జ్ఞానం కాగితం మీద ఉంది. కాగితం మీద ఉన్నది గ్రంథమై, ప్రదర్శనయై, కళగా పరిగణన పొందింది. కంటిలో ఉన్నది ఆ కుటుంబం వృత్తి మానిన నాడే అంతరిస్తుంది.

2023లో ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకం పరిధిలోని 18 వృత్తులలో కుమ్మరి వృత్తి ఒకటి. పనిముట్లు, శిక్షణ, ఋణం అవసరమైనవే. వాటితోపాటు ప్రతి ప్రాంతపు మట్టి కలపడాన్నీ, ఆవము పేర్చడాన్నీ, కాల్పు విధానాన్నీ ఆయా కుమ్మరుల పేర్లతో సహా వ్రాసి భద్రపరచడం అంతకంటె తక్కువ అవసరం కాదు. ఈ పనికి పూనుకోవడానికి అర్హత, బాధ్యత రెండూ ఉన్నవారు స్టూడియో కుమ్మరులే. అబ్దుల్లా పేరు నేడు మనకు తెలియడానికి కారణం ఆయన శిష్యుడు చదువుకున్నవాడు కావడం, గురువును మరువకపోవడం. తమ పాత్రల అడుగున పేరు వ్రాసుకునే కళాకారులు, పేరు వ్రాసుకోని గురువుల విద్యను కూడా ఆ పుస్తకంలో చేర్చిన నాడు ఈ చరిత్ర సమగ్రమవుతుంది.